అచ్చురేకుకు సరిపోయిన గడ్డి

41వ పంట, రెండో తడి

పొద్దున్నే పిల్లలతో బడి కప్పు తుడిపించాను. రెండు రోజులు ఎర్రదుమ్ము గాలి వీచింది. వెలుగు రావాల్సిన గాజురేకు ఇటుక రంగుకు తిరిగిపోయింది. దీపాలు వేసుకుందామంటే బడి వాటా కరెంటు సాయంత్రానికే చాలదు. పెద్ద పిల్లలు గాలిముసుగులు తగిలించుకుని పైకెక్కారు. నేను కింద నిలబడి జాగ్రత్త జాగ్రత్త అని అరిచాను. యాభై మూడేళ్ళు వచ్చాక టీచరు చేయగలిగిన సాయం అంతే.

మధ్యాహ్నానికి వంటశాల నుంచి కొత్త గరిటె వచ్చింది. పాతదానికంటే చిన్నది. అన్నం తగ్గించాం అని మన ఎర్రగట్టులో ఎవరూ చెప్పరు, కొత్త గరిటె పంపుతారు. పిల్లలు గిన్నెలు గీకిన చప్పుడు విని కాసేపు బయటికి వెళ్ళి నిలబడ్డాను.

సంఘం నుంచి కబురు కూడా వచ్చింది. ఏడో పాఠం తీసేయాలా వద్దా అని మళ్ళీ సభ పెడతారట. నా ఉద్యోగంలో ఇది మూడోసారి. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి భయం వేసింది. ఈసారి నిద్ర వస్తోంది.

ఏడో పాఠం పేరు ‘మార్పు’. ప్రాణమున్నది ఏదీ తరతరానికీ అచ్చంగా ఒకేలా ఉండదని, పుట్టినవాటిలో బతికి బట్టకట్టినవే తమ పోలికను ముందుకు పంపుతాయని, అలా చాలాకాలానికి ఒకటి ఇంకొకటిగా మారుతుందని అందులో ఉంటుంది. పాత భూమి నుంచి ఓడలో మనతోపాటు వచ్చిన పాఠమే. దానికి ముందుది రూపకర్తల పాఠం. ఈ ఎర్రమట్టిలో, ఈ మసక ఎండలో పండే వరిని ఆలోచించి తయారుచేసిన పదకొండుమంది గురించి. వాళ్ళ పేర్లు పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆరోది ఉండగా ఏడోది దేనికని సంఘం ప్రశ్న.

41వ పంట, మూడో తడి

రాత్రి భోజనానికి అక్క పిలిచింది. మా అక్క సత్యవేణి భర్త పరదేశి సంఘానికి అధ్యక్షుడు. ఆయనతో వాదించాలంటే సభకు వెళ్ళక్కర్లేదు, పీట వేసుకుని కూర్చుంటే చాలు.

“ఇందూ, మనం తినే ఈ వరిని ఎవరు చేశారు?” అన్నాడు బావ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

“రూపకర్తలు. పిల్లలకి నేర్పేది నేనే కదా బావా.”

“మరి? పాత భూమ్మీద ఎవరు చేశారో తెలీక కొట్టుకున్నారంటే అర్థముంది. ఇక్కడ చేసినోళ్ళ పేర్లున్నాయి, బొమ్మలున్నాయి. అయినా సరే అది దానంతటది మారుద్దని పిల్లలకి చెప్తావు. రేపు ఆ పిల్లలే తేడా మొక్కొకటి దాచుకుని, ఏమవుద్దో చూద్దాంలే అని పెంచుతారు. అప్పుడో?”

ఆయన అన్నది ఊరికే అన్నది కాదు. పందొమ్మిదో పంటలో తేడా వరి ఒకటి మడుల్లో పాకింది. గింజ బాగానే ఉండేదట, రుచి కూడా బాగుండేదట. అది తిని పోయినవాళ్ళలో బావ తల్లి, ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు. ఆ ఇంట్లో మిగిలింది బావ ఒక్కడే. రూపకర్తలు గీసిన మూలరూపానికి సరిపోని మొక్కనల్లా పీకేసే పోలిక పని అప్పుడే మొదలైంది. అందుకే ఆయన్ని మొండివాడని తీసిపారేయలేను. వాదన పూర్తిగా తప్పయితే నాకు ఇంత అలసట ఉండేది కాదు.

“ఆ వరి మారబట్టే కదా అంత జరిగింది. మారుద్దని చెప్పకుండా జాగ్రత్తెలా నేర్పను?” అన్నాను.

“మారనివ్వకూడదని నేర్పు. చాలదా?”

“నువ్వు వద్దంటే ఆగుద్దా బావా అది?”

“ఉన్నవే నాలుగు ముద్దలు,” అంది అక్క. “వాటి ముందు కూడా పాఠాలేనా ఇద్దరికీ? తినండి.”

తిన్నాం. మడుల్లో మొక్కలు ఏపుగా, వరసగా, బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి, ధాన్యం మాత్రం పంటపంటకీ ఎందుకు తగ్గుతోందో తెలియడం లేదని బావ చేయి కడుక్కుంటూ అన్నాడు. నీళ్ళను అనుమానిస్తున్నారట.

41వ పంట, నాలుగో తడి

ఒకటో మడిలో పోలిక పని. ఎప్పటిలాగే బడికి సెలవు, పిల్లలందరూ మడిలోకి. ఈ పనికి పిల్లల కళ్ళే కావాలి. ఒక్కొక్కరి మెడలో ఒక అచ్చురేకు వేలాడుతుంది. మూలరూపం బొమ్మ ప్రకారం కత్తిరించిన తగరపు రేకు అది. ఆకు ఎంత వెడల్పు, కాడకు ఎంత ఎడంగా ఉండాలి, అన్నీ అందులో ఉంటాయి. మొక్క పక్కన పెట్టి చూడాలి. సరిపోతే ఉంచాలి, లేకపోతే పీకాలి. మోకాలి లోతు బురదలో సాయంత్రం దాకా అదే.

పని అవగానే మడి తలుపులు మూసేశారు. లోపల మొక్కలకు మేలు చేసే గాలి నింపుతారు, అందులో మనిషికి ఊపిరాడదు. వరి వెన్ను తీసి కంకి వేసేదీ, పండేదీ మన కళ్ళు చూడవు. యంత్రం కోసి, నూర్చి, గింజను బయటికి పంపాకే మళ్ళీ మనుషులు అడుగుపెట్టేది.

మడి మొత్తంలో అచ్చురేకుకు అన్నిటికంటే బాగా సరిపోయిన మొక్కను కోసి, బడిలో మూలరూపం చెక్కిన పలక ముందు చెంబులో పెట్టడం ఆనవాయితీ. ఈసారి ఆ గౌరవం వరాలికి దక్కింది. తొమ్మిదేళ్ళ పిల్ల, మాట తక్కువ, చేయి చురుకు. కోసుకు రమ్మంటే వేళ్ళతో సహా పీకి తెచ్చింది.

“చచ్చిపోద్దని కొయ్యలేదు టీచర్,” అంది.

తిట్టడానికి ఓపిక లేక దాన్ని మట్టి డబ్బాలో గుచ్చి కిటికీలో పెట్టాను. దానికి తోడుగా ఇంకో వరి మొక్కను కూడా పెట్టమంది. అదీ పెట్టాను.

41వ పంట, ఏడో తడి

వరాలు తెచ్చిన మొక్క వెన్ను తీసింది. అది వరి కాదు.

పొద్దున కిటికీ తుడుస్తూ చూసి, చీపురు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. గుత్తులు గుత్తులుగా, సన్నటి గరుకు గింజలతో ఊద గడ్డి కంకి. ఓడలో విత్తన సంచుల్లో కలిసి వచ్చిన కలుపు. మా అమ్మమ్మ కాలంలో ఊద నేల మీద పరుచుకుని, మొదలు దగ్గర ఎర్రగా ఉండేదట. అంత దూరం నుంచే తెలిసిపోయేదట. ఇది మాత్రం నిటారుగా, పచ్చగా, పక్కనున్న వరి కంటే ఎక్కువ వరిలా నిలబడింది. మడి మొత్తంలో అచ్చురేకుకు బాగా సరిపోయింది ఇదే మరి.

రెండు మొక్కలనూ పక్కపక్కన పెట్టి, కనుపు కనుపు చూశాను. ఆకు కాడను విడిచే చోట వరికి పల్చటి తెల్లపొర ఉంది. ఊదకు లేదు. పొర చిటికెన వేలి గోరంత ఉంటుంది. మూలరూపం బొమ్మలో అది గీయలేదు, అచ్చురేకులో అసలే లేదు.

బావను పిలిపించాను. చెప్పకుండా, ముందు తన అచ్చురేకు పెట్టి చూడమన్నాను. పెట్టాడు. చక్కగా సరిపోయింది. అప్పుడు కంకి చూపించాను. ఆయన రేకు తీసి మళ్ళీ పెట్టి చూశాడు.

ఇద్దరం రెండో మడిలోకి వెళ్ళాం. అక్కడ ఇంకా పోలిక పని జరగలేదు. వంగి, ఆకులు విడదీసి చూస్తూ పోయాం. ప్రతి మూడు మొక్కల్లో దాదాపు ఒకటి పొర లేనిదే.

“ఎలాగొచ్చింది ఇందూ ఇది?” అన్నాడు గట్టు మీద కూలబడి.

“మనమే తెచ్చాం. ఇరవై రెండు పంటల నుంచి వరిలా లేని ఊదని పీకేస్తున్నాం. కొంచెం వరిలా ఉన్నది తప్పించుకుంది. దాని గింజ కోతకు ముందే రాలిపోద్ది, మళ్ళీ మొలుస్తుంది. అందులో ఇంకొంచెం వరిలా ఉన్నది తప్పించుకుంది. మన చేత్తో మనమే దాన్ని వరిలా దిద్దాం.”

“ఎవరూ కూర్చుని ఆలోచించలేదంటావు.”

“ఎవరూ ఆలోచించలేదు బావా. అదే ఏడో పాఠం.”

 బావ లేచి, పంచె దులుపుకుని, “సభలో ఈ మాట అనకు,” అన్నాడు.

41వ పంట, ఎనిమిదో తడి

సభ. రాయాలని లేదు కానీ బడి దినచర్య కదా, తప్పదు.

డబ్బాను బల్ల మీద పెట్టాను. కంకి చూపించాను, పొర చూపించాను. అందరూ లేచి వచ్చి చూశారు. ఇంతవరకూ బాగానే ఉంది. అప్పుడు ఇలా ఎందుకైందని ఎవరో అడిగారు. బావ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నా నోరు ఆగలేదు. మనమే చేశామని చెప్పాను.

గిడ్డంగి చూసే కోటిలింగం లేచాడు. “ఆయ్, టీచరుగారూ, తమరు పెద్దోరు. నా పిల్లలిద్దరూ ఏళ్ళ తరబడి బురదలో పడి చేసిన పని వల్లే మాకు అన్నం తగ్గిందంటారా?”

“వాళ్ళ తప్పు కాదండీ. అది అలా—”

“చిన్న పిల్లలు దీపాలు ఆరేదాకా నడుములొంచి పీకితే, ఆళ్ళే కలుపుని పెంచినట్టా? ఇదేనా బళ్ళో చెప్తుంది? మనం ఏం చేసినా అడ్డంగానే మారుద్దని చెప్తే, రేపు ఏ పిల్లైనా మడిలో దిగుద్దా అండీ?”

వెనక నుంచి ఒకావిడ ఏడ్చింది. ఆమె తల్లి కూడా పందొమ్మిదో పంటలోనే పోయింది.  నా మాట నిజమే, కానీ ఆ గదిలో ఆ క్షణాన అది నా నోటికే చేదుగా ఉంది.

తీర్మానం బావే చదివాడు. ఇకపై పిల్లలు అచ్చురేకుతోపాటు తెల్లపొర కూడా చూడాలి. పొర లేని మొక్క పీకాలి. మూలరూపం పలక మీద ఆ పొర గీత పాతబడి చెరిగిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని మళ్ళీ చెక్కించాలి. ఏడో పాఠం బడిలో చెప్పకూడదు. చెప్తే టీచరును తీసేస్తారు.

చెరిగిపోవడానికి అక్కడ గీతంటూ ఎప్పుడూ లేదు. రోజూ ఆ పలక తుడిచేది నేను.

“పని నేర్పు, కారణం చెప్పకు. అన్నం దక్కుద్ది, మనుషులు మిగులుతారు. ఒప్పుకో ఇందూ,” అన్నాడు బావ నెమ్మదిగా. ఆయన చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నాను. కొత్త గరిటె గుర్తొచ్చింది, అందుకే.

41వ పంట, పదో తడి

ఒకటో మడి తెరిచారు. ఊహించినట్టే గడ్డి ఎక్కువ, గింజ తక్కువ. అప్పటికే రెండో మడిలో పిల్లలతో పొర చూపించి పీకించాం. పచ్చగా, ఏపుగా ఉన్న మొక్కలను పీకుతుంటే పెద్దవాళ్ళు గట్ల మీద నిలబడి గుండెలు బాదుకున్నారు. మడి సగం ఖాళీ అయినట్టు కనబడింది. దాని ఫలితం ఇంకా తెలియాలి.

పలక మీద కొత్త గీత చెక్కారు. బాగానే చెక్కారు, పాత గీతల మధ్య తేడా తెలియదు. కింద పదకొండు పేర్లు యథాప్రకారం. వచ్చే తరం పిల్లలకు ఇది మొదటి నుంచీ ఉన్నదే అవుతుంది.

క్లాసులో ఆరో పాఠం తర్వాత ఎనిమిదోది చెప్పాను. ‘నీటి పొదుపు’. ఏడో పాఠం ఏదని వరాలు అడిగింది. లేదన్నాను. వరాలు తన వేళ్ళ మీద ఆరు, ఎనిమిది అని లెక్కపెట్టుకుని, నా మొహంలోకి చూసింది. ఆ చూపు నుంచి తప్పించుకోవడానికి బల్ల సర్దుతున్నట్టు నటించాను. సిగ్గేసింది.

41వ పంట, పన్నెండో తడి

రెండో మడి గింజ వచ్చింది. మొక్కలు తక్కువే అయినా ధాన్యం ఒకటో మడి కంటే బాగా ఎక్కువ. వీధుల్లో జనం ఒకళ్ళనొకళ్ళు పలకరించుకుంటున్నారు. రూపకర్తల పలకకు దండ వేశారు. గీత చెరిగిపోయిన సంగతి కనిపెట్టినందుకు కోటిలింగం నాకు సభ తరఫున నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను.

ఇంటికి వచ్చి అక్క ముందు ఏడ్చాను.

“అన్నం వస్తోందిగా. ఇంకేం కావాలే నీకు?” అంది అక్క, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

“ఆ పొర ఉన్న ఊద కూడా ఎప్పుడో పుడుతుందక్కా. అచ్చురేకుని దాటింది, పొరని దాటదా? అప్పటికి నేనుండను. ఎందుకిలా అవుతోందో తెలిసినవాళ్ళు ఒక్కరూ ఉండరు. పలక మీద గీతని చూసుకుంటూ కూర్చుంటారు.”

“ఎప్పుడో కదా,” అంది అక్క. పక్క వేసి పడుకోబెట్టింది.

41వ పంట, పదమూడో తడి

మూడో మడిలో పోలిక పని మొదలైంది. సంఘం తరఫున చూసుకోవడానికి బావ గట్టు మీద నిలబడ్డాడు. పిల్లలు వరసల్లో దిగారు. రేకు పెట్టడం, ఆకు విడదీసి పొర చూడటం, ఉంచడం లేదా పీకడం. చేతులకు పని అలవాటైంది, పాటలు పాడుకుంటూ చేస్తున్నారు.

మధ్యలో వరాలు ఆగిపోయింది. ఒక మొక్క దగ్గర వంగి, లేచి, మళ్ళీ వంగింది. నన్ను పిలిచింది.

“టీచర్, ఇది రేకుకి సరిపోయింది. పొర కూడా ఉంది. కానీ చేతికి వరిలా లేదు. వరి ఆకు గరుగ్గా ఉంటది కదా, ఇది నున్నగా జారిపోతంది. ఉంచనా, పీకనా?”

బురదలో దిగి చూశాను. ఆకు నున్నగానే ఉంది. పొర కాస్త మొరటుగా, వెంట్రుకల్లా చీలి ఉంది, కానీ ఉంది. ఊదే. మడి మొత్తంలో ఒకటే కావచ్చు. ‘ఎప్పుడో’ అని అన్నాను అక్కతో. ఆ ‘ఎప్పుడో’ ఇదిగో, మోకాలి లోతు బురదలో నా ఎదురుగా ఉంది.

పలక ప్రకారం అది ఉంచాల్సిన మొక్క. పీకమని ఊరికే చెప్పేయవచ్చు, వరాలు పీకేస్తుంది. రేపు ఇంకో మడిలో ఇంకో పిల్ల ఎవరినడుగుతుంది? వరాలు నా నోటి వైపు చూస్తోంది. చుట్టుపక్కల పిల్లలు పాట ఆపేశారు. 

“అందరూ గట్టు మీదికి రండి,” అన్నాను. “కూర్చోండి. ఏడో పాఠం చెప్తాను.”

బావ ఉలిక్కిపడి నా వైపు వచ్చాడు. “ఇందూ, నేనిక్కడే ఉన్నాను. వింటే సభలో చెప్పాలి. అబద్ధం చెప్పలేను.”

“అబద్ధం వద్దు బావా. చెప్పు.”

“కాస్త దూరం పోతాను. పోనా?”

“నువ్వు కూడా కూర్చో. నీకే ఎక్కువ కావాలి.”

బావ చెప్పులు విడిచి, పిల్లల వెనక గట్టు మీద చతికిలబడ్డాడు. మొక్కను చేతికిచ్చి ఒకరి నుంచి ఒకరికి పంపాను. ఊద ఎలా ఉండేదో, మనం ఏది పీకామో, ఏది తప్పించుకుందో, దాని పిల్లలు ఎలా ఉన్నాయో చెప్పాను. తప్పు ఎవరిదీ కాదని, కానీ చేయి మనదేనని చెప్పాను. రూపకర్తలు చేసింది నిజమని, చేసింది చేసినట్టు ఉండిపోదన్నదీ నిజమని చెప్పాను. ఒక పిల్లాడు అడిగాడు, అయితే వరి కూడా మారుతోందా అని. మారుతోందన్నాను. మనమో? మనమూ మారుతున్నామన్నాను. మొక్క చివరికి బావ చేతికి వెళ్ళింది. ఆకు మీద వేలు చాలాసేపు రాశాడు.

“పీకండమ్మా. ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయేమో చేత్తో తడిమి చూడండి,” అన్నాడు పిల్లలతో.

 సాయంత్రం నేరుగా సభకు వెళ్ళాడు.

41వ పంట, పద్నాలుగో తడి

నన్ను బడి నుంచి తీసేశారు. అక్క వచ్చి చెప్పింది.

బావ అంతా ఉన్నదున్నట్టు చెప్పాడట. టీచరు మాట తప్పింది, ఏడో పాఠం చెప్పింది, నేను కూర్చుని విన్నాను అన్నాడట. మాట తప్పినందుకు ఏం చేయాలని చాలాసేపు గొడవైందట. ఎరువు గదికి పంపాలని ఒకరు, ఇంట్లో కూర్చోబెట్టి బువ్వ తగ్గించాలని ఒకరు.

“అప్పుడు మీ బావ లేచాడే,” అంది అక్క. “ ‘అన్నిటికంటే కష్టమైన పనికి వెయ్యండి, నడుం విరిగితే తెలిసొచ్చుద్ది’ అన్నాడు. కోటిలింగమే ముందు ఊఁ అన్నాడు. అందరూ చేతులెత్తారు.”

“ఏం పని?”

“పోలిక పని. పిల్లలతోపాటు, ఏ మడైనా సరే, బతికున్నంత కాలం.”

అక్క మొహంలోకి చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియనట్టు పెదవి కొరుక్కుంటోంది. ఇంటికొచ్చాక బావ ఏమన్నాడని అడిగాను. అన్నం తిని పడుకున్నాడట, చాలా రోజులకు నిద్ర పట్టిందట.

బడికి కొత్తగా వేసిన అమ్మాయి నా దగ్గరే చదువుకుంది. ఆరు తర్వాత ఎనిమిది చెప్తుంది, పాపం. ఈ దినచర్య రేపటి నుంచి తనే రాస్తుంది. నేను మాత్రం తెల్లారేసరికి మూడో మడిలో, ఉత్తరపు గట్టు దగ్గర ఉండాలి. పిల్లలు దీపాలు వెలగ్గానే వచ్చేస్తారు.